సముద్రపు గాలికి తలుపు మూసిన షెడ్డు

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నా మోకాళ్ల మీద ఒట్టు వేద్దామనుకున్నాను గానీ, అవి పనిచేయడం మానేశాయి కనుక ఆ ఒట్టు చెల్లదు. పలాస జీడి గుండుపప్పు మీద ఒట్టు. బద్దపప్పు మీద ఒట్టేసి అబద్ధాలాడినవాళ్లు మా ప్రాంతంలో ఉన్నారు. చెక్కుచెదరని తెల్ల గుండుపప్పు మీద ఒట్టేసి అబద్ధమాడినవాడు మాత్రం ఇంతవరకూ పుట్టలేదు.

టెక్కలిలో ఒక కట్టడాల కంట్రాక్టు సంస్థలో సూపర్‌వైజరుగా పనిచేశాను. యాభై దాటగానే మోకాళ్లు మొరాయించాయి, రిటైరయ్యాను. పరంజా ఎక్కలేని సూపర్‌వైజరు కింద నిలబడి అరవడానికి తప్ప దేనికీ పనికిరాడు. ఆ పనికి మా సంస్థలో అప్పటికే యజమానిగారు ఉన్నారు.

ఇప్పుడు ఇంజనీరింగు చదివే పిల్లలు అప్పుడప్పుడు మా అరుగు మీదికి వస్తుంటారు. "గ్రీన్ బిల్డింగంటే నగరాల్లో అద్దాల మేడలు, లిఫ్టు పక్కన ఇత్తడి పలక. బీద దేశాల్లో, అందులోనూ మన ఉద్దానంలో దానివల్ల ఏం కలిసొస్తుంది అంకుల్?" అని అడుగుతారు. ఉపన్యాసం ఇవ్వడం నాకు రాదు. నేను ఉద్యోగంలో ఉన్నప్పటి ఒక జీడిపప్పు షెడ్డు సంగతి చెబుతాను. వినండి.

ఆ షెడ్డు పలాస నుంచి సముద్రం వైపు పోయే దారిలో, జీడితోటల మధ్య ఉంది. దాని షావుకారు మా మేనత్త కొడుకు, నాకు బావ. జీడిపిక్కల్ని ఉడికించి, కొట్టి, వేడి గదిలో ఆరబెట్టాక, పప్పు మీద ఎర్రటి పలచని తొక్క మిగులుతుంది. దాన్ని చేత్తో తీసి, రకాలుగా ఏరాలి. ఆ పని చేసేవాళ్లంతా దగ్గరి మత్స్యకార పల్లెల ఆడవాళ్లు. వాళ్లందరికీ పెద్దదిక్కు ఒకావిడ. అందరూ ఆవిడని 'అప్ప' అనేవారు, అంటే అక్క. షావుకారు కూడా అలాగే అనేవాడు, కాకపోతే కొంచెం భయంగా.

ఆ పనిలో ఒక చిక్కుంది. ఫ్యాను వేయకూడదు. వేస్తే తొక్కలన్నీ లేచి కళ్లలో పడతాయి. పైన రేకులు, కింద మనుషులు, మధ్యలో గాలి ఆడని వేడి. ఏప్రిల్ వచ్చిందంటే ఆ రేకుల కింద బల్లి కూడా ఒక్కో కాలూ మార్చి మార్చి నిలబడేది. పచ్చి పిక్కని కిటికీలో పెట్టి మరిచిపోతే సాయంత్రానికి వేగిన పప్పయి కనబడేదని నేను స్వయంగా చూశాను. పదకొండు కొట్టేసరికి ఎవరో ఒకరు కళ్లు తిరిగి పడిపోయేవారు. అప్ప లేచి కొంగు దులిపేది. మిగతావాళ్లూ లేచేవారు. షెడ్డుకి తాళం పడేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలు పడవలు ఒడ్డెక్కేస్తాయి. మగవాళ్ల సంపాదన ఆగే కాలమూ, ఆడవాళ్ల పని సగమయ్యే కాలమూ ఒక్కటే. ఆ పల్లెల్లో ఎండాకాలం అంటే అదీ.

అలాంటి షెడ్డు మీదికి ఒక తుపాను వచ్చింది. రేకులన్నీ ఎత్తుకుపోయింది. షావుకారు పేరు రాసిన రేకొకటి ఇచ్ఛాపురం దాటి, ఒడియా పల్లెలో ఒక పశువుల పాక మీద సరిగ్గా కూర్చుని దొరికింది. ఆ రైతుకి మేకులు కొట్టుకునే పని మాత్రమే మిగిలింది. మా బావ అడగడానికి వెళితే, అతను మజ్జిగ ఇచ్చి మర్యాద చేసి, రేకు మాత్రం ఇవ్వలేదు.

తిరిగొచ్చిన బావ నన్ను పిలిచాడు. మొండిగోడల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"మళ్లీ రేకులేయించి నానేటి సేసుకోవాల బావా? ఎండాకాలం వత్తే మధ్యాన్నం తాళమే. ఆర్డర్లన్నీ వేరే షెడ్లకి పోతన్నాయి. టెక్కలి టెంటు హౌసాయన అడుగుతన్నాడు, ఫంక్షన్ హాలు కట్టుకుంతాడట. ఇచ్చేత్తే నాకు తలనొప్పి వదిలిపోద్ది."

అప్ప గుమ్మంలో నిలబడి వింటోంది. "హాలైతే మాకేటి పని బాబూ? పెళ్లిళ్లలో గిన్నెలు తోమాలా?"

"నీకు గిన్నెలెవలిస్తారే అప్పా! నువ్వు తోమితే గిన్నెకి సొట్ట పడిపోద్ది."

"సొట్టలు మీ బుర్రకి పడ్డాయి బాబూ. వేట లేని రెండు నెలలూ మా పొయ్యిలెలగ వెలగాల? అది సెప్పండి ముందు."

బావ కాలితో ఇసుకలో గీత గీశాడు. చివరికి నాకేసి తిరిగి తేల్చేశాడు. "ఇదిగో బావా, ఆఖరిమాట. నువ్వు కట్టించు. రోహిణీ కార్తెలో, మధ్యాన్నం మూడింటికి ఈలంతా కూకుని పని సేత్తంటే, ఇది షెడ్డే. లెగిసెలిపోనారా, హాలే. టెంటు హౌసాయన్ని ఆరోజే రమ్మంతాను, టేపట్టుకుని."

అప్ప నన్ను చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తే. బతిమాలడం లేదు అందులో. 'విన్నావు కదా' అన్నట్టుంది, అంతే.

మా సంస్థలో అప్పుడే ఒక ఇంజనీరమ్మ చేరింది. టెక్కలి పిల్లే. విశాఖపట్నంలో గ్రీన్ బిల్డింగులు చదువుకొచ్చింది. మా సంస్థలో ఆమె చదువుకి తగిన పని అప్పటిదాకా తగల్లేదు. ప్రహరీ గోడలే కట్టిస్తోంది. ఆమెని తీసుకెళ్లి బావ ముందు కూర్చోబెట్టాను.

"గ్రీన్ బిల్డింగు కట్టుకుందాం సార్," అంది ఉత్సాహంగా.

బావ ముఖం మాడింది. మా వైపు ఊళ్లో గోడ రంగు మారిందంటే ఇంటాయన పార్టీ మారాడని లెక్క. "ఆ రంగు ఏ పార్టీదో ముందు తేల్సండమ్మా. నాకు ఇద్దరితోనూ పనుంతాది."

రంగు కాదని, కరెంటు తక్కువ ఖర్చయ్యేలా, వెలుతురూ చల్లదనమూ ఊరికే వచ్చేలా కట్టడమని ఆమె ఓపిగ్గా చెప్పింది. 'ఊరికే' అన్న మాట దగ్గర బావ ముందుకి వంగాడు. అక్కడి నుంచి మాకు ఇబ్బంది లేకపోయింది.

ఉత్తరం వైపు పైకప్పులో పారదర్శకమైన రేకులు వేశాం. ఎండ పడకుండా వెలుతురు మాత్రం దిగుతుంది, పప్పు రంగు తేడా ట్యూబులైటు కంటే బాగా తెలుస్తుంది. కప్పు మీద తెల్ల సున్నం కొట్టించాం. ఇక మా అందరికీ ముద్దయిన పని, సముద్రం వైపు గోడ నిండా కంతలుండే గూళ్ల ఇటుకలు. గాలి జల్లెడ పట్టినట్టు నెమ్మదిగా వస్తుంది, తొక్కలు లేవవు. ఇంత ముందుచూపు మాకే ఉందని పొంగిపోయాం.

ఒక్క మాట ఇక్కడ చెప్పాలి. ఆ గోడ గురించి ఇంజనీరమ్మ గీసిన దానికంటే మేం అడిగిందే ఎక్కువ. తీరంలో పుట్టినవాడు ఇల్లు కట్టేటప్పుడు మొదట అడిగేది సముద్రపు గాలి ఎటు అని. మాకు తలనొప్పికి మందు అదే, కోపానికీ అదే, అత్తాకోడళ్ల తగువుకీ అదే. "ఇంకో నాలుగు గూళ్లెట్టండమ్మా," అని బావ. "ఆ మూలకి రాదు, అక్కడా ఎట్టండి," అని అప్ప. "మొత్తం గోడే తీసేద్దాం," అని నేను. ఒక్కరికీ అనుమానం రాలేదు. పప్పుతోనే పుట్టి పెరిగినవాళ్లకీ రాలేదు, సిమెంటుతో పెరిగిన నాకూ రాలేదు.

మార్చి చివర్లో షెడ్డు తెరిచాం. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. ఎంత హాయి! ఆడవాళ్లు పని చేస్తూనే కునికారు. పెద్దమనుషులు చూడ్డానికి వచ్చి గోడకి వీపు ఆనించుకుని కూర్చుండిపోయారు. బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి ఇంకా అక్కడే ఉండగా అప్ప గొంతు వినబడింది.

"ఒలమ్మో! తొక్క రాట్లేదు."

పొడిగా ఉంటేనే ఆ తొక్క చిటుక్కున ఊడుతుంది. ఉప్పుగాలి తేమంతా తాగిన పప్పు మెత్తబడిపోయింది. తొక్క పప్పుని పట్టుకుని వదలదు. గోటితో గీకితే పప్పు విరుగుతోంది. గుండ్లన్నీ బద్దలవుతున్నాయి, బద్దలు ముక్కలవుతున్నాయి. బావ ఒకటి నోట్లో వేసుకున్నాడు. కరకరలాడాల్సింది నమిలితే చప్పుడే లేదు.

భుజం మీది చెయ్యి తీసేశాడు. "నిన్నేటనను బావా, నానూ గూళ్లెట్టమన్నవాణ్నే," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. జేబులోంచి ఫోను తీసి టెంటు హౌసాయనకి చేశాడు. "రోహిణీ కార్తెకే రండి. మాటంటే మాటే," అని పెట్టేశాడు. ఆ కొద్ది వారాలైనా మాకు దక్కాయి.

గూళ్లకి గోనెలు కట్టించాం. తొక్క మళ్లీ ఊడింది, వేడి మళ్లీ పట్టుకుంది. ఏప్రిల్ మధ్యలో పడవలు ఒడ్డెక్కాయి. పదకొండింటికి షెడ్డు ఖాళీ.

ఆ రోజుల్లోనే భావనపాడులో మా సంస్థ కడుతున్న ఒక గోడ చూసి రావాల్సిన పని పడింది. ఇంజనీరమ్మా నేనూ బండి మీద వెళ్లాం. ఒడ్డున ఎండు చేపల కళ్లాల పక్కన నిలబడ్డాం. ఆమె చూపు ఇంకా షెడ్డు ఉన్న వైపే ఉంది. నేను ఊరుకోలేను కదా.

"నా నెత్తి మీద గుడ్డు కొడితే అట్టవుతుందమ్మా," అన్నాను.

"సైటు హెల్మెట్ ఉంది కదా బాబాయ్."

"దానివల్లే అంటున్నాను. కుండ బోర్లించినట్టుంది."

ఆమె నా హెల్మెట్ అడిగి తీసుకుంది, లోపల చూసింది. "పట్టీలేవీ?"

"కోసేశాను. నా తలకి పట్టలేదు." ఉద్యోగంలో చేరిన నాడే కోశాను. సంస్థలో అందరికంటే పెద్ద తల నాది, అందులో సరుకు సంగతి వేరే.

ఆమె నవ్వింది. షెడ్డు చెడ్డాక నవ్వడం అదే మొదలు. "ఆ పట్టీలు టోపీని తలకి ఆననివ్వవు బాబాయ్. మధ్యలో ఖాళీ ఉంటుంది. పైన ప్లాస్టిక్ ఎంత కాలినా ఆ ఖాళీలో..." అని ఆగిపోయింది. తన హెల్మెట్ తీసింది. రెండూ పక్కపక్కన వెల్లకిలా పెట్టి చూసింది. ఒకటి నాది, ఒట్టి డొప్ప. ఒకటి ఆమెది, లోపల పట్టీలతో. ఎండు చేపలకి కాపలా ఉన్న కుక్క కూడా వచ్చి తొంగి చూసింది.

"గాలి వాళ్ల మీదికి రాకూడదు," అంది నెమ్మదిగా. "వాళ్ల నెత్తి మీంచి పోవాలి. షెడ్డుకి పట్టీలు కట్టాలి, పదండి బాబాయ్!"

గోడ తనిఖీ ఆవేళ జరగలేదు. ఆ గోడ ఇప్పటికీ నిలబడే ఉంది కనుక పరవాలేదు.

ఆమె ఆలోచన చాలా తేలికైనది. రేకుల కింద జానెడు ఖాళీ వదిలి రెండో కప్పు కట్టాలి. సముద్రపు గాలి ఒక చూరులో దూరి, ఆ ఖాళీలోంచి రేకుల వేడిని ఊడ్చుకుని, అవతలి చూరులోంచి పోవాలి. కింద పప్పుకి ఆ తేమ తగలకూడదు. గూళ్లు మూసేసి, మనుషుల ఊపిరికి తోట వైపు చిన్న కంతలు చాలు.

"రెండో కప్పా? దేంతో?" అన్నాడు బావ అనుమానంగా.

ఉద్దానంలో కొబ్బరి పీచుకి కరువేమిటి! పీచు చాపలు నేసేవాళ్ల దగ్గర తెచ్చి, అడుగున సున్నం పూసి కట్టడమే. కానీ కట్టేవాళ్లేరి? మా మేస్త్రీలు ఇటుక పేరుస్తారు గానీ చాప కట్టమంటే ఆ మూల కడితే ఈ మూల జారుతోంది. అప్ప రెండు రోజులు చూసి మూడో రోజు మొగుణ్నీ అతని పడవ జట్టునీ వెంటేసుకొచ్చింది.

"ఈల్లు ఇంటికాడ కూకుని పేకాడతన్నారు బాబూ. వలలు కుట్టే సేతులు. ముడెయ్యమంటే ఏత్తారు. కూలి మాత్రం పూర్తిగా ఇవ్వాల."

"ఇత్తాను లేయే. సేపలు పట్టే ముడులు సాపలకి పనికొత్తాయా?"

"నీలాటోళ్లు ఇద్దరు ఏలాడినా ఊడదు బాబూ," అన్నాడు ఆమె మొగుడు, మా బావ పొట్ట కేసి చూసి.

వేట లేక ఒడ్డున కూర్చున్న ఆ మగవాళ్లు కప్పు కింద వెల్లకిలా వేలాడుతూ చాపల్ని వలల్లా బిగించారు. పడవ పాటలు పాడారు. వాటిలో కొన్ని ఇంజనీరమ్మ వినకూడనివి. ఆమె విననట్టు కొలతలు చూసుకుంది.

రోహిణీ కార్తె వచ్చింది. బావ మాటిచ్చిన రోజున కాకులు నోళ్లు తెరుచుకుని ఎగిరాయి. పొద్దున్నే కరెంటు పోయింది. పలాసలో ఒక్కో షెడ్డూ పని ఆపేసిందని కబుర్లు వస్తున్నాయి. టెంటు హౌసాయన కారు దిగాడు, ఒక చేతిలో టేపు, ఇంకో చేతిలో తువ్వాలు. కరెంటు లేదు కదా, కారులో ఏసీలోనే కూర్చుని పదకొండుకి లోపలికొస్తానన్నాడు, షెడ్డు ఎలాగూ ఖాళీ అవుతుందని.

పదకొండయింది. అందరం అప్ప కొంగు కేసే చూస్తున్నాం. లేవలేదు. ఉత్తరపు వెలుతురులో పప్పు ఏరుతూనే ఉంది. తొక్క చిటుకు చిటుకుమని ఊడుతోంది. పన్నెండయింది. కొడుకుల చేత క్యారేజీలు తెప్పించుకుని అక్కడే తిన్నారు, తిని మళ్లీ కూర్చున్నారు. పైన రెండు కప్పుల మధ్య గాలి పోతున్న చప్పుడు, దూరంగా అల విరిగినట్టు, వింటున్నకొద్దీ వినబడుతోంది.

టెంటు హౌసాయన కొలుద్దామని లోపలికొచ్చాడు. టేపు ఒక కొస నాకిచ్చాడు. రెండో కొస పట్టుకుని గోడ దాకా వెళ్లి, అక్కడున్న జీడి బస్తా మీద కాసేపు కూర్చున్నాడు. కాసేపటికి తొంగున్నాడు. చల్లదనానికి వణికి "దుప్పటుందేటి?" అని నిద్రలో అడిగితే, ఎవరో గోనె కప్పారు. టేపు కొస పట్టుకుని నేను నిలబడే ఉన్నాను. ఆయన గురకకి టేపు కదులుతోంది.

మూడు కావస్తోంది. బావ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఇంజనీరమ్మ గోడ కేసి తిరిగి నిలబడింది, చూడలేక. అప్ప చేతులు ఆపింది. ఆమె తలెత్తి బావని చూసింది.

"బాబూ, టీ ఏదీ?"

"టీ ఏటే?"

"మూడయిపోతంది. మజ్జానం పని సేయించుకుంటే టీ ఇవ్వాలా, వద్దా? పలాస షెడ్లలో సలికాలం ఇత్తారు."

ఆ షెడ్డులో ఎండాకాలం మధ్యాహ్నం టీ అనేది ఎప్పుడూ లేదు. తాగడానికి ఎవరూ మిగిలేవారు కాదు కనుక గ్లాసులు కూడా లేవు. బావ నా చేతిలోని టేపు కొస లాక్కుని, దాన్ని చుట్టి, నిద్రపోతున్న ఆయన జేబులో పెట్టాడు.

"బావా, ఆ పిల్లని బండెక్కించుకుని రోడ్డు మీదికెళ్లి ఫ్లాస్కుల్లో టీ అట్టుకురా. బేగి. గ్లాసులు కూడా కొనెయ్. ఎప్పుడూ కావాల్సినవే గదా ఇంక."

అదీ సంగతి పిల్లలూ. ఎంత కలిసొచ్చిందో లెక్క చెప్పమంటారు మీరు. చెప్పను. చెబితే పెంచి చెబుతానని మీకే తెలుసు. పగలు ట్యూబులైట్లు వెలగలేదు. జనరేటరు మూల పడితే దాని మీద కోడి పొదిగింది. ఎండాకాలం ఆర్డర్లు పక్క షెడ్లకి పోవడం మానేశాయి. పడవలు ఒడ్డున ఉన్న రెండు నెలలూ ఆ పల్లెల్లో పొయ్యిలు వెలిగాయి. పీచు చాపలు నేసేవాళ్లకి పలాస నుంచి కబుర్లు వచ్చాయి. ఇంజనీరమ్మకి ప్రహరీ గోడల నుంచి విముక్తి దొరికింది. టెంటు హౌసాయన కూడా నష్టపోలేదు. తన గోడౌనుకి అలాంటి కప్పు వేయించుకున్నాడు, నేనే కట్టించాను. రెండో కప్పు ఖర్చు ఎన్నాళ్లకి తిరిగొచ్చిందని బావని అడిగాను ఒకసారి. "గుర్తు లేదు బావా," అన్నాడు. డబ్బు విషయం మా బావ మరిచిపోయాడంటే అది బేగి తిరిగొచ్చేసిందని అర్థం.

ఇక ఒట్టు సంగతి. గుండుపప్పు మీద వేసిన ఒట్టు కనుక ఒప్పుకోవాలి. రేకు ఒడియా పాక మీద దొరికిన మాట నిజం, కావాలంటే వెళ్లి మజ్జిగ తాగి రండి. టెంటు హౌసాయన నిద్రపోయిన మాటా నిజం. ఆ రోజు షెడ్డు చల్లగా ఉందన్న మాటే అబద్ధం. దుప్పటీ అబద్ధం, వణకడమూ అబద్ధం. ఆయన చెమటలు కక్కుతూనే నిద్రపోయాడు. అందరికీ చెమట పట్టింది, అప్ప కొంగుతో మెడ తుడుచుకుంటూనే ఉంది. రెండు కప్పులు వేసి మేం సాధించింది చల్లదనం కాదు, మనిషి కూర్చోగలిగినంత వేడి. చదువుకునేటప్పుడు ఆ తేడా మీకు చిన్నదిగా కనబడుతుంది. ఆ చిన్న తేడా మీదే ఆ షెడ్డు ఇప్పటికీ నిలబడి ఉంది.

టీ మాత్రం నిజం. అంత ఉక్కలోనూ వేడి వేడిగా తాగారు. చక్కెర తక్కువైందని అప్ప నన్ను తిట్టింది కూడా.